దింపని ఇసుక బస్తాలు

1945 జనవరి 9, మంగళవారం, మధ్యాహ్నానికి కాస్త ముందు, జర్మనీలోని థురింగియా ప్రాంతంలో ఒక చిన్న కర్మాగారం తయారుచేసిన కొత్త యుద్ధవిమానం నాలుగోసారి ఎగిరి కూలిపోయింది. ఎడమ రెక్క ముందంచు పలక గాలిలోనే ఊడింది. విమానం తిరగబడి బీట్ దుంపల చేను అవతల నేలను గుద్దుకుంది. పైలట్ కెప్టెన్ ఫైట్ ఓటెన్‌బాఖర్ చనిపోయాడు.

కాగితాల మీద ఆ విమానానికి ఒక అంకె ఉండేది. వర్క్‌షాపులో అందరూ దాన్ని కంచెపిట్ట అనేవారు. కంచెల్లో దూరి తిరిగే పిడికెడు పిట్ట అది. విమానం కూడా పక్క విమానాల ముందు అంతే ఉండేది.

దాన్ని తయారుచేయమని ఆజ్ఞ వచ్చింది పోయిన సెప్టెంబరులో. ఒకే జెట్ ఇంజను ఉండాలి. అల్యూమినియం లేదు కాబట్టి రెక్కలు చెక్కతో చేయాలి. ఇంజను లేని గ్లైడరు తప్ప మరేదీ నడపని పదిహేడేళ్ళ కుర్రాళ్ళు కూడా నడపగలగాలి. క్రిస్మస్ లోపల ఎగరాలి. బలపరీక్షల విభాగం నడిపే ఎల్‌ఫ్రీడ టీమె ఆ ఆజ్ఞ చదివి, "ఏ ఏటి క్రిస్మసో రాయలేదు" అంది. విన్నవాళ్ళు ముందు తలుపు మూసి, తరవాత నవ్వారు.

మామూలుగా అయితే ఒక విమానాన్ని గీస్తారు, ఒకటి చేస్తారు, దాన్ని విరగ్గొట్టి చూస్తారు, దిద్దుతారు, మళ్ళీ చేస్తారు. కంచెపిట్ట విషయంలో ఇవన్నీ ఒకేసారి జరిగాయి. పై గదిలో రెక్క గీస్తుండగా కింద వర్క్‌షాపులో దాని దూలం కోస్తున్నారు. నవంబరులో ఎల్‌ఫ్రీడ ఒక్క రెక్కను విరగ్గొట్టి చూసింది. అది అడిగినదానికన్నా ఎక్కువ బరువే మోసింది. ఆ రెక్కను అతికింది పాత పద్ధతిలో. జిగురు పట్టించిన పల్చటి కాగితాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి వేడి ప్రెస్సులో నొక్కారు. రెండు వారాలు తిరగకముందే ఆ కాగితం తయారయ్యే చోటు బాంబులకు కాలిపోయింది. దాని బదులు డబ్బాల్లో జిగురు వచ్చింది. ఒక చెక్కకు జిగురు రాయాలి, రెండో చెక్కకు దాన్ని బిగించే మందు రాయాలి, రెండూ కలిపి అదమాలి.

కొత్త జిగురుతో చేసిన రెక్కను విరగ్గొట్టి చూడాలని ఎల్‌ఫ్రీడ అడిగింది. బెర్లిన్ నుంచి వచ్చి కూర్చున్న కమిషనర్ ష్ట్రాక్ ఒప్పుకోలేదు. ప్రతి రెక్కా ఒక విమానానికి పోవాలన్నాడు. కావాలని రెక్క విరగ్గొట్టినవాడు శత్రువు పని చేసినట్టేనని రాసి నోటీసు బోర్డు మీద అంటించాడు.

విమానం కూలిన రోజు పొద్దుగూకేదాకా ఎల్‌ఫ్రీడ ఆ చేలోనే ఉంది. గడ్డకట్టిన చాళ్ళలో రెక్క ముక్కలు ఏరింది. లెఫ్టినెంట్ హిన్రిక్ బోయ్‌సెన్ ఆమెతోపాటు ఏరాడు. ఉత్తర సముద్రపు దీవుల మనిషి. చనిపోయిన కెప్టెన్ తరవాతి పైలట్ అతనే.

"ఏం వెతుకుతున్నారు ఇంజనీరమ్మా?"

"ముందంచు అతుకు."

"దొరికితే నాకూ చూపించండి. సోమవారం నేనెక్కేది దీని తోబుట్టువునే."

దొరికింది. ఎల్‌ఫ్రీడ దాన్ని దీపం దగ్గర పెట్టి చూసింది. మంచి అతుకును బలవంతంగా లాగితే జిగురు ఊడదు, చెక్కే చీలుతుంది. ఈ ముక్కలో లోపలివైపు చెక్క చీలింది. అంచు వెంబడి మాత్రం, బొటనవేలి వెడల్పున, చెక్క చెక్కలాగే ఉంది. అక్కడ జిగురు అసలు పట్టలేదు.

"అంటే?" అన్నాడు బోయ్‌సెన్.

"అంటే గాలి మొదట తగిలే చోటే అతుకు లేదు. ఎందుకు లేదో తెలియదు."

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీనులో టర్నిప్ సూపు పోస్తుండగా ష్ట్రాక్ బల్ల ముందు నిలబడ్డాడు.

"ఇది ప్రమాదం కాదు. ద్రోహం. జర్మన్ మేస్త్రీ చేతిలో తప్పు పుట్టదు. రెండో జిగురు గదిలో పనిచేసే, తూర్పు దేశాల నుంచి తెచ్చిన కూలి ఆడవాళ్ళు ఆరుగురినీ పెయింటు కొట్లో పెట్టి తాళం వేశాం. శుక్రవారం కారు వస్తుంది."

ఆ కారు రహస్య పోలీసులదని క్యాంటీనులో అందరికీ తెలుసు. అందులో ఎక్కినవాళ్ళు తిరిగిరావడం ఎవరూ చూడలేదు. సూపు తాగే చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఎల్‌ఫ్రీడకు ఎదురుగా లెబ్రెక్ట్ ఆమ్‌టోర్ కూర్చున్నాడు. మొదటి జిగురు గదికి మేస్త్రీ. ఆ లోయలో బీరువాలు చేసే ఇంట్లో పుట్టాడు. కోటు మీద నాజీ పార్టీ బిళ్ళ ఉంది. రొట్టె ముక్కతో గిన్నె తుడుచుకుంటూ, "ఉక్రెయిన్ పల్లెటూరి వాళ్ళ చేతికి జిగురిస్తే అంతేగా" అన్నాడు.

"కూలిన రెక్క ఎవరు అతికారో మీకెలా తెలుసు మేస్త్రీ గారూ? రెండు గదుల రెక్కలూ ఒకే స్టోరుకు పోతాయి కదా."

"ఎవరు అతికారో చెప్పడానికి కాగితం ఎందుకమ్మా? అతుకు మీద గోరు పెట్టి లాగండి. నా గదిలోదైతే జారిపోతుంది. వాళ్ళదైతే ఆవు నాలుకలా గీరుకుంటుంది."

ఎల్‌ఫ్రీడ కోటు జేబులో ఆ ముక్క ఉంది. బల్ల కింద దాన్ని పట్టుకొని అతుకు మీద గోరు పెట్టి లాగింది. గోరు జారిపోయింది.

ఆమె చెంచా కింద పెట్టింది.

"మీది అంత నున్నగా ఎలా వస్తుంది?"

"తడిగుడ్డ." ఆమ్‌టోర్ ఏప్రాను జేబులోంచి ఒక గుడ్డ తీసి చూపించాడు. "అదిమినప్పుడు అంచున జిగురు పొంగుతుంది కదా. అది పచ్చిగా ఉండగానే వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచెయ్యాలి. ఎండనిస్తే మచ్చ పడుతుంది, వార్నిష్ పట్టదు. మా నాన్న నాకు ఒక్క చెంపదెబ్బతో నేర్పాడు. మచ్చ మిగిల్చేవాడు బీరువా వడ్రంగి కాడు, పందుల దొడ్డి కట్టేవాడు."

"ఈ కొత్త జిగురుని కూడా అలాగే తుడుస్తున్నారా?"

"జిగురు జిగురేగా! మీ తనిఖీవాళ్ళు మాకు మెచ్చుకోలు కూడా రాశారు."

రాసింది ఎల్‌ఫ్రీడ విభాగమే. నునుపైన అతుకు మంచి అతుకని ఆమె కూడా అనుకుంది. బీరువాలకు వాడే, తోలు ఉడికించి తీసే పాత వజ్రం జిగురైతే తుడిస్తే నష్టం లేదు, చల్లారితే గట్టిపడుతుంది. ఈ జిగురు బిగించే మందు లేకుండా గట్టిపడదు. పచ్చిగా ఉండగా అంచున వేడినీళ్ళు తగిలితే మందు కరిగి గుడ్డలోకి వచ్చేస్తుంది.

ఆమె లేచి పెయింటు కొట్టుకు వెళ్ళింది. కాపలావాడితో విచారణ ఉందని చెప్పింది. అతను తాళం తీశాడు.

ఆరుగురూ డబ్బాల మీద కూర్చొని ఉన్నారు. రొమ్ము మీద అందరికీ తూర్పు కూలీలని తెలిపే నీలం గుడ్డ బిళ్ళ. రైలు పెట్టెలో కుక్కి తెచ్చినవాళ్ళు. వాళ్ళలో జర్మన్ మాట్లాడగలిగేది మోత్ర్యా హ్నాత్యుక్ ఒక్కతే. లేచి నిలబడలేదు.

"కారు వచ్చేసిందా?"

"లేదు. ఒకటి అడగాలి. పొంగిన జిగురుని మీరు తుడిచేవాళ్ళా?"

"దేంతో? గుడ్డేదీ?" మోత్ర్యా తన చెక్క బూట్లు ముందుకు చాపింది. "అక్టోబరులో నా కాళ్ళకు గుడ్డ దొరికింది. చలికి చుట్టుకున్నా. మూడు రోజులు రొట్టె ఇవ్వలేదు. అప్పటినుంచి మా గదికి గుడ్డ నిషేధం. మేస్త్రీ గదిలో గంపెడు గుడ్డలు. మేము ఎండినాక కత్తితో గీకేస్తాం."

"అయితే మీ అతుకులు గట్టివి. కూలింది మీ రెక్క కాదు. అది నేను రుజువు చేస్తాను."

మిగతా ఐదుగురూ మోత్ర్యా వైపు చూశారు. ఆమె వాళ్ళ భాషలో రెండు ముక్కలు చెప్పింది. ఎవరూ సంతోషించలేదు.

"గట్టి రెక్క చేశామని మాకు మెచ్చుకోలు చెప్పొద్దు అమ్మగారూ. ఆ రెక్క మీద మీ కుర్రాళ్ళు ఎగిరి మా అన్నదమ్ముల్ని కాల్చాలి. పాడు చేయడం తెలిసుంటే చేసేవాళ్ళమే. తెలీదు. చెప్పినట్టు చేశాం."

"ఆ మాట బయట అనకు."

"అంటే ఏం? ఇంకో కారు వస్తుందా?"

ఎల్‌ఫ్రీడ తలుపు తోసుకొని బయటికి వచ్చింది.

కర్మాగారం డైరెక్టరు జ్వరంతో ఇంట్లో పడుకొని ఉన్నాడు. ఆ జ్వరం కమిషనర్ వచ్చిన వారమే మొదలైంది. ఆమె గుమ్మంలో నిలబడి విషయం చెబితే ఆయన దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

"టీమె గారూ, ఆడవాళ్ళు ఆరుగురు. మనం ఆరు వందల మందిమి. మీరు మేస్త్రీ తప్పంటే ఈ కర్మాగారమే ద్రోహులదంటాడు. రుజువేదీ? ఒక చెక్క ముక్క! మిగతాదంతా కాలిపోయింది."

"రుజువు స్టోరులో ఉంది. విరగ్గొట్టాలి."

"అది నేను వినలేదు. నాకు జ్వరం."

శుక్రవారం పొద్దున షిఫ్టు మొదలవగానే బోయ్‌సెన్, అతని మెకానిక్కులు స్టోరుకు వెళ్ళారు. ఎల్‌ఫ్రీడ రెక్కల అంచుల మీద గోరు పెట్టి లాగుతూ నడిచింది. జారిన ఎడమ రెక్క ఒకటి, గీరుకున్న కుడి రెక్క ఒకటి ఎంచింది. స్టోరు గుమాస్తా ఆజ్ఞాపత్రం అడిగాడు.

"సోమవారం ఇవి నా ఒంటికి తగిలించుకునేవి. దర్జీ దగ్గర చొక్కా వేసి చూసుకోవడానికి కమిషనర్ సంతకం కావాలా?" అన్నాడు బోయ్‌సెన్. గుమాస్తా పక్కకు జరిగాడు.

పరీక్షల షెడ్డులో నేలకు బిగించిన ఇనప చట్రం ఉంది. రెక్కలను దానికి రెండు వైపులా వెల్లకిలా బిగించారు. ఎగిరేటప్పుడు గాలి రెక్కను కిందినుంచి పైకి నెడుతుంది. రెక్కను తిరగేసి దాని మీద ఇసుక బస్తాలు పేరిస్తే అదే ఒత్తిడి పడుతుంది. చలికి గడ్డకట్టకుండా బస్తాలను బాయిలరు పక్కన ఉంచారు. మనుషులు వరసలో నిలబడి చేతులు మార్చుకుంటూ అందించారు. ఎడమ రెక్క మీద ఒకటి, కుడి రెక్క మీద ఒకటి. ఆరో వరస నిండితే, విమానం గట్టి మలుపు తిరిగినప్పుడు పడే బరువుతో సమానం.

రెండో వరస నిండేసరికి ష్ట్రాక్ వచ్చాడు. వెనక తోలు కోట్లు వేసుకున్న ఇద్దరు. కారు వచ్చేసింది.

"ఎవరి ఆజ్ఞ ఇది?"

"నాదే," అంది ఎల్‌ఫ్రీడ. చేతిలోని బస్తాను రెక్క మీద పెట్టి దుమ్ము దులుపుకుంది. "ఎడమది మేస్త్రీ ఆమ్‌టోర్ గది రెక్క. కుడిది ఆ ఆరుగురి రెక్క. ఏది విరుగుతుందో చూద్దాం."

"నా నోటీసు చదవలేదా?"

"చదివాను. రెక్కలు విరగ్గొట్టేవాళ్ళు శత్రువులు. గాలిలో విరిగే రెక్కను పైలట్‌కు అంటగట్టేవాళ్ళని ఏమంటారో మాత్రం అందులో రాయలేదు."

"ఆపండి!" అన్నాడు ష్ట్రాక్ మెకానిక్కులతో. బస్తాల వరస ఆగింది. తోలు కోట్లలో ఒకడు ఎల్‌ఫ్రీడ చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఆమ్‌టోర్ వచ్చాడు. ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు. ఏప్రానులోనే వచ్చాడు, ముఖం ఎర్రబడి ఉంది.

"నా రెక్కనా? నా అతుకునా మీరు పరీక్షించేది? మా తాత రాజుగారి బీరువాలు చేశాడు! అవి నేటికీ ఊడలేదు!" చట్రం దగ్గరకు వెళ్ళి ఎడమ రెక్క మీద అరచేత్తో చరిచాడు. "ఎందుకు ఆపారు? పెట్టండి! బరువు చాలకపోతే నన్నూ ఎక్కించండి!"

"మేస్త్రీ గారూ, ఇది అక్కర్లేదు. మీ మీద ఎవరికీ అనుమానం లేదు," అన్నాడు ష్ట్రాక్.

"ఈవిడకుంది! ఇంతమంది ముందు అంది. ఇంతమంది ముందే తేలాలి. ఇప్పుడు ఆపితే రేపు క్యాంటీనులో ఏమంటారు? ఆమ్‌టోర్ రెక్కను కమిషనర్ కాపాడాడంటారు. పెట్టండి!"

ష్ట్రాక్ ఆ పార్టీ బిళ్ళను చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. ఆడవాళ్ళ రెక్కే విరుగుతుందని అతనికీ నమ్మకమే. తల ఊపాడు. తోలు కోటువాడు చెయ్యి వదిలాడు.

మూడో వరస నిండింది. రెండు రెక్కలూ సమంగా వంగాయి. ఆమ్‌టోర్ తనే బస్తాలు మోశాడు, తన రెక్క మీదికే. నాలుగో వరస సగంలో ఎడమ రెక్క లోపల టిక్కుమంది. ఆమ్‌టోర్ ఆగాడు. ఎల్‌ఫ్రీడ, "మేస్త్రీ గారూ, వెనక్కి రండి" అంది. అతను రాలేదు. బోయ్‌సెన్ భుజం పట్టుకొని లాగాడు. ముందంచు పలక ఒక కొసనుంచి రెండో కొసదాకా లేచింది, ఆ వెంటనే దూలం విరిగింది. బస్తాలు నేల మీద పడి రెండు పగిలాయి.

ఆమ్‌టోర్ మోకాళ్ళ మీద కూర్చొని ఊడిన పలకను తిప్పి చూశాడు. అంచు మీద బొటనవేలితో రుద్దాడు. జిగురు మట్టిలా ఉండలు చుట్టుకొని రాలింది. ఇంకోచోట రుద్దాడు. అక్కడా రాలింది. ఏప్రాను జేబులోంచి గుడ్డ తీసి దాన్ని చూశాడు. మళ్ళీ జేబులో పెట్టుకోలేదు.

తరవాత లేచి, నేల మీద పడిన బస్తా ఎత్తి, కుడి రెక్క మీద పెట్టాడు. ఇంకొకటి ఎత్తాడు. మెకానిక్కులు కలిశారు. ఆరో వరస నిండింది. ఏడో వరస మొదలుపెట్టారు. ఎడమ రెక్క నుంచి పడినవన్నీ అయిపోయాయి. బాయిలరు దగ్గరివీ అయిపోయాయి. కుడి రెక్క కొస నేలకు జానెడు ఎత్తుకు వంగి అక్కడ నిలిచింది.

"ఇసుక అయిపోయిందమ్మా," అన్నాడు ఒక మెకానిక్కు.

ఆమ్‌టోర్ ష్ట్రాక్ వైపు తిరిగాడు. "రాసుకోండి. లెబ్రెక్ట్ ఆమ్‌టోర్. కెప్టెన్‌ని చంపింది నా గుడ్డ."

"నోరు మూసుకోండి మేస్త్రీ."

"అరవై మూడేళ్ళు వచ్చాయి. నోరు ఎప్పుడు మూయాలో మా నాన్న చెప్పాడు. ఇప్పుడు కాదు."

ష్ట్రాక్ ముందు రెండు దారులున్నాయి. మేస్త్రీని కారెక్కించవచ్చు. అలా చేస్తే జర్మన్ చేతిలో తప్పు పుట్టదన్న తన మాట తనే మింగాలి. లేదా ఎవరినీ ఎక్కించకపోవచ్చు.

"కారు ఖాళీగా పోదు," అన్నాడు చివరికి. "ఆ ఆడవాళ్ళు—"

"ఆ ఆడవాళ్ళే కావాలి మీకు," అంది ఎల్‌ఫ్రీడ. "కారులో కాదు, జిగురు గదిలో. ఈ జిగురుతో విరగని అతుకు వేసిన చేతులు ఈ కర్మాగారంలో ఆ ఆరు జతలే. వాటిని పంపేస్తే రెక్కల్లేవు. రెక్కల్లేకపోతే బెర్లిన్‌కు ఏం చెబుతారో మీ ఇష్టం."

"సోమవారం ఇంకో రెక్క బిగిస్తాం. లెఫ్టినెంట్ ఎగురుతాడు."

"లెఫ్టినెంట్ ఎగరడు," అన్నాడు బోయ్‌సెన్. "గీరుకునే రెక్క రెండు వైపులా ఉంటే తప్ప."

"ఇది ఆజ్ఞాధిక్కారం!"

"అవునండీ. కాల్చేయండి. కాకపోతే ఆ తరవాత విమానం మీరే నడపాలి. సీటు ఒక్కటే ఉంది, ఇద్దరం పట్టం."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ష్ట్రాక్ వెతికాడు, ఎవరో తెలియలేదు. అతను కాపలావాడిని పిలిచాడు.

"ఆ ఆరుగురినీ పనికి పంపు."

తరవాత ఎల్‌ఫ్రీడ వైపు చెయ్యి చూపించాడు. "రెక్క విరగ్గొట్టింది ఈవిడ. నోటీసు అందరూ చదివారు."

ఆమె కోటు కొక్కేనికి వేలాడుతోంది. బోయ్‌సెన్ తెచ్చి ఇచ్చాడు. ఆమె వేసుకొని బొత్తాలు పెట్టుకుంది. ఆమ్‌టోర్ ముందు ఆగింది.

"మేస్త్రీ గారూ, మీ గదిలో గంపెడు గుడ్డలున్నాయట."

"ఉన్నాయి. ఇప్పుడు అవి ఎందుకు?"

"అవతలి గదిలో ఆరుగురికి కాళ్ళున్నాయి."

ష్ట్రాక్ విన్నాడు. కారు తలుపు ఎల్‌ఫ్రీడ తనే తీసుకొని ఎక్కింది.

కంచెపిట్ట మళ్ళీ ఎగరలేదు. ఫిబ్రవరిలో రావలసిన ఇంజన్లు రాలేదు. మార్చిలో బోయ్‌సెన్‌ను కాలిబంట్ల దళంలోకి పంపారు. ఆ తరవాత అతని జాడ తెలియలేదు. ష్ట్రాక్ ఈస్టర్ తరవాత బెర్లిన్‌లో పని ఉందని వెళ్ళాడు.

ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం ఆ లోయలోకి వచ్చింది. జైలు కాపలావాళ్ళు ముందురోజే వెళ్ళిపోయారు. ఎల్‌ఫ్రీడ జైలు నుంచి నడిచి కర్మాగారానికి వచ్చింది. ఎడమ చెవి వినపడడం లేదు. విచారణలో జరిగింది ఆమె ఎవరికీ చెప్పలేదు.

క్యాంటీను గుమ్మంలో మోత్ర్యా కూర్చొని డైరెక్టరుగారి ఇంటి పంది మాంసం తింటోంది. రొమ్ము మీద నీలం బిళ్ళ లేదు. మిగతా ఐదుగురూ లోపల ఉన్నారు. వాళ్ళ పాటలు బయటికి వినిపిస్తున్నాయి.

"అమ్మగారూ! బతికే ఉన్నారా? మిమ్మల్ని చంపేశారన్నారు."

"మిమ్మల్నీ అలాగే అన్నారు."

మోత్ర్యా కాళ్ళ వైపు ఎల్‌ఫ్రీడ చూసింది. బూట్లలో గుడ్డలు చుట్టుకొని ఉన్నాయి. మోత్ర్యా ఆ చూపు గమనించి కాళ్ళు ముందుకు చాపింది.

"ముసలాడు తెచ్చి గుమ్మంలో పడేసి పోయాడు. ఒక్క మాట అనలేదు. మేమూ అనలేదు. మీ రెక్క చూశారా?"

"నాది కాదు, మీది."

"మాది కూడా కాదు. అది గట్టిగా ఉంటే మాకేం?" మాంసం కోసి ఒక ముక్క కత్తి మొన మీద అందించింది. ఎల్‌ఫ్రీడ తీసుకుంది.

తింటూ షెడ్డు దాకా నడిచింది. కప్పు ఒక మూల ఎగిరిపోయింది. ఎడమ రెక్క జనవరిలో విరిగినచోటే పడి ఉంది. బస్తాలు దింపమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఆజ్ఞ లేనిదే ఎవరూ దింపలేదు. కుడి రెక్క మీద ఏడు వరసల ఇసుక అలాగే ఉంది, పైవరస బస్తాలు వానకు తడిసి నల్లబడ్డాయి. రెక్క కొస నేలకు జానెడు ఎత్తున ఉంది.